పదకొండో నెలలో ఏం మిగులుతుంది?

2025 మే 9న అక్కయ్య ఫోన్ చేసింది. అవసరాన్ని బట్టి టెరిటోరియల్ ఆర్మీని, అంటే వేరే ఉద్యోగాలు చేసుకుంటూ పార్ట్‌టైంగా పనిచేసే సైనికుల దళాన్ని, విధుల్లోకి పిలిచే అధికారాన్ని సైన్యాధిపతికి ఇస్తూ కేంద్రం మే 6 తేదీతో జారీ చేసిన ఉత్తర్వు ఆ రోజే వార్తల్లోకి వచ్చింది. మొత్తం 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను పిలవవచ్చన్నది దాని సారాంశం. ఆ 14లో మా మేనల్లుడి బెటాలియన్ ఉందో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. అక్కయ్య బెంబేలెత్తే మనిషి కాదు. ఆమె అడిగింది ఒక్కటే: "ఒరేయ్, వాడికి ఇచ్చింది నెల రోజుల ట్రైనింగే కదా? నెల రోజుల్లో ఏం నేర్పుతారురా?"

ఆ పూటకు ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను గాని, ఆ ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదల్లేదు. ఉద్యోగాలు చేసుకుంటూ ఏడాదిలో కొద్ది వారాలు మాత్రమే యూనిఫాం వేసుకునే మనిషికి తొలి శిక్షణ ఎలా ఉండాలన్న విషయం మీద నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడింది. దాన్ని ఇక్కడ విస్తరంగా రాస్తాను. కాలేజీలో రెండేళ్లు ఎన్‌సీసీలో ఉండడం తప్ప నేనెప్పుడూ యూనిఫాం వేసుకున్నవాణ్ని కాను కాబట్టి, ఈ మాటలను బయట నిలబడి చూసినవాడి మాటలుగానే తీసుకోవాలి. లోపల ఉన్న మా మేనల్లుడు నాతో చాలా చోట్ల ఏకీభవించడు. వాడి అభ్యంతరాలను కూడా వీలైనంత వరకు వాడి మాటల్లోనే చెబుతాను.

ముందుగా అక్కయ్య లెక్కను సరిచేయాలి. టెరిటోరియల్ ఆర్మీలో అధికారిగా చేరినవారికి తొలి ఏడాది నెల రోజుల ప్రాథమిక శిక్షణ ఉంటుంది. ఆ ఏడాదితో మొదలుపెట్టి ఏటా రెండు నెలల క్యాంపు ఉంటుంది. తొలి రెండేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు మరో మూడు నెలల శిక్షణకు వెళ్లాలి. అంతేకాక, ఈ సైన్యంలో అందరూ కొత్తవాళ్లు కారు. 1982 నుంచి కొండల మీద మొక్కలు నాటుతున్న ఎకలాజికల్ బెటాలియన్లలో ఎక్కువమంది మాజీ సైనికులే. కశ్మీరులోనూ ఈశాన్యంలోనూ ఉన్న చాలా యూనిట్లు ఏళ్ల తరబడి విధుల్లోనే ఉంటాయి, కాబట్టి అక్కడివాళ్లు పేరుకే పార్ట్‌టైం. నేను మాట్లాడుతున్నది వీళ్ల గురించి కాదు. సైన్యంతో ఏ పరిచయమూ లేకుండా, ఒక ఆఫీసు కుర్చీలోంచి లేచి నేరుగా పరేడ్ మైదానానికి వెళ్లిన మనిషి గురించి. మా వాడు అలా వెళ్లినవాడే.

నా అభిప్రాయం ఇది. పార్ట్‌టైం సైనికుడి తొలి శిక్షణ చిన్నదన్నది అసలు సమస్య కాదు. అది ముగిసిన రోజున ఎలా ఉన్నాడన్నదాన్ని బట్టి దాన్ని కొలుస్తున్నాం, మళ్లీ క్యాంపుకు వెళ్లే ముందు ఎలా ఉన్నాడన్నది చూడడం లేదు. పూర్తికాలపు సైనికుడికి ఈ రెండు రోజుల మధ్య తేడా లేదు, ఎందుకంటే వాడు నేర్చుకున్నదాన్ని మర్నాడు పొద్దున్నే మళ్లీ చేస్తాడు. పార్ట్‌టైం సైనికుడికి ఆ మధ్యలో నెలల తరబడి ఖాళీ ఉంటుంది. శిక్షణను ఆ ఖాళీ చుట్టూ అల్లాలి గాని, ఖాళీ అనేదే లేనట్టు అల్లకూడదు.

రెండు పనుల వరస

మా వాడు తొలి ఏడాది నెల రోజుల శిక్షణ, ఆ వెంటనే రెండు నెలల క్యాంపు పూర్తి చేసి ఇంటికి వచ్చాడు. తొమ్మిది నెలలు ఎప్పటిలాగే ఉద్యోగం చేశాడు. రెండో ఏడాది క్యాంపుకు వెళ్లిన మొదటి ఉదయమే ఆయుధాల క్లాసు. కోత్ (ఆయుధాలు భద్రపరిచే గది) నుంచి రైఫిళ్లు తెప్పించి, డమ్మీ తూటాలు నింపిన మ్యాగజైన్లు ఇచ్చి, ఖాళీ చేసి చూపించమన్నారు. వాడు రైఫిల్ అందుకున్నాడు, కాకింగ్ హ్యాండిల్ వెనక్కి లాగి వదిలాడు, తర్వాత మ్యాగజైన్ ఊడదీశాడు, ఆ రైఫిల్‌ను బల్ల మీద పెట్టబోయాడు. శిక్షణ ఇచ్చే ఉస్తాద్ ఏమీ అనకుండా ఆ రైఫిల్‌ను తన చేతిలోకి తీసుకుని హ్యాండిల్ మరోసారి లాగాడు. కాల్చడానికి సిద్ధంగా తూటా కూర్చునే ఛాంబర్‌లోంచి డమ్మీ తూటా ఎగిరి బల్ల మీద పడి, దొర్లుకుంటూ వెళ్లి అంచు దగ్గర ఆగింది. "ఫిర్ సే, సాబ్" (మళ్లీ చేయండి సార్) అని మాత్రం అన్నాడట.

ఆయుధాలతో పరిచయం లేనివారి కోసం చెబుతాను. మ్యాగజైన్ ఊడదీసే వీలున్న ఏ రైఫిల్‌నైనా ఖాళీ చేయాలంటే ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాత హ్యాండిల్ లాగి ఛాంబర్ చూడాలి. ఈ రెండు పనులూ తారుమారైతే, హ్యాండిల్ లాగినప్పుడు మ్యాగజైన్‌లోని పై తూటా ఛాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. తర్వాత మ్యాగజైన్ తీసినా అది అక్కడే ఉంటుంది. చూసేవాడికి రైఫిల్ ఖాళీగానే కనిపిస్తుంది. చేసిన మనిషికి మాత్రం రెండు పనులూ చేశానన్న ధీమా ఉంటుంది, మరచిపోయింది పనిని కాదు, వరసను కాబట్టి. "పూర్తిగా మరచిపోయి ఉంటే బాగుండేది మామయ్యా," అన్నాడు వాడు. "అప్పుడు అడిగేవాణ్ని. నాకు తెలుసనుకుని చేశాను, అదే వచ్చిన చిక్కు."

ఈ ఒక్క మాటలో విషయమంతా ఉందని నాకు తోచింది. ఏమీ తెలియని మనిషి వల్ల వచ్చే ప్రమాదం కంటే, ఒకప్పుడు తెలిసి ఇప్పుడు సగం తెలిసిన మనిషి వల్ల వచ్చే ప్రమాదం పెద్దది. ఏమీ తెలియనివాడి చేతికి ఎవరూ ఆయుధం ఇవ్వరు. సగం తెలిసినవాడి దగ్గర శిక్షణ పూర్తయినట్టు కాగితం ఉంటుంది, ఆ కాగితం మీద తేదీ తప్ప ఇంకేమీ మారదు.

మరపు ఎలా పనిచేస్తుందన్నది కొత్త సంగతి కాదు. జర్మన్ పరిశోధకుడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల జాబితాలను తానే బట్టీపట్టి, తానే మరచిపోతూ, ఆ లెక్కలను 1885లోనే ప్రచురించాడు. నేర్చుకున్న కొత్తలో మరపు వేగంగా సాగుతుందని, మధ్య మధ్య విరామమిచ్చి మళ్లీ చదివినది ఎక్కువకాలం నిలుస్తుందని ఆయన చూపించాడు. చేతిపనులన్నీ ఒకేలా మరపుకు రావన్నది తర్వాత తెలిసింది. సైకిల్ తొక్కడం, ఈదడం లాంటివి ఏళ్లు గడిచినా పోవు. ఒకదాని తర్వాత ఒకటిగా ఒక వరసలో చేయాల్సిన పనులు త్వరగా చెదిరిపోతాయి. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కే సీపీఆర్ పద్ధతిని నేర్చుకున్నవారు సాధన లేకపోతే కొన్ని నెలల్లోనే దాన్ని సరిగ్గా చేయలేకపోతారన్నది వైద్యరంగంలో అందరికీ తెలిసినదే. సైనికుడి ప్రాథమిక శిక్షణలో ప్రాణం మీదికి తెచ్చే పనులన్నీ ఈ రెండో రకానివే: రైఫిల్ ఖాళీ చేయడం, జామ్ అయితే సరిచేయడం, రక్తం కారుతున్న కాలికి టూర్నికే (రక్తాన్ని ఆపే పట్టీ) బిగించడం, రేడియోలో సందేశం చెప్పడం.

నా ఎన్‌సీసీ అనుభవం కూడా దీనికి సాక్ష్యమే. మూడు దశాబ్దాలు గడిచినా ఎవరైనా గట్టిగా "సావధాన్" అంటే నా మడమలు వాటంతటవే కలుస్తాయి. పది రోజుల క్యాంపులో ఒకే ఒక్క ఉదయం నా చేతికి వచ్చిన పాయింట్ టూటూ రైఫిల్‌ను ఎలా తెరవాలో మాత్రం ఇప్పుడు ఒక్క మెట్టు కూడా గుర్తులేదు. పరేడ్ వారం వారం చేశాం, రైఫిల్‌ను ఒక్కసారి పట్టుకున్నాం. దేన్ని మళ్లీ మళ్లీ చేయించారో అదే మిగిలింది. కవాతును వెక్కిరించేవారు గమనించాల్సిన విషయం ఇది. కవాతు నిలిచింది అందులో ఏదో మహిమ ఉండి కాదు, దానికి కేటాయించినన్ని ఆదివారాలు రైఫిల్‌కు కేటాయించలేదు కాబట్టి.

కుదించిన నకలు

తొలి శిక్షణ కార్యక్రమాన్ని తయారుచేసేవారు సాధారణంగా ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు. పూర్తికాలపు రిక్రూటుకు నెలల తరబడి నేర్పే పాఠాల జాబితాను ముందు పెట్టుకుని, ప్రతి పాఠంలోంచీ కొంత కోసి, అన్నింటినీ నాలుగు వారాల్లో ఇరికిస్తారు. అందులో కవాతు ఉంటుంది, ఆయుధం ఉంటుంది, ఫైరింగ్, మ్యాప్ చదవడం, ఫీల్డ్ క్రాఫ్ట్, ప్రథమ చికిత్స, రేడియో, రసాయన దాడి జరిగితే వేసుకోవాల్సిన ముసుగు, సైనిక చట్టం, రెజిమెంటు చరిత్ర, ఇంకా ఎన్నో ఉంటాయి. కాగితం మీద ఏదీ తప్పిపోదు. చూసేవారికి నిండుగా ఉంటుంది. మా వాడి నోటుపుస్తకం చూశాను: మొదటి వారం పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉన్నాయి, మూడో వారానికి వచ్చేసరికి శీర్షికలు మాత్రమే ఉన్నాయి, నాలుగో వారంలో ఒక పేజీ మీద కంపాస్ బొమ్మ సగం గీసి ఉంది. ఆ క్లాసులో నిద్రపోయావా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఇలాంటి కార్యక్రమాన్ని మొత్తం ఇరవై ఏళ్ల శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని రాశారన్నది రెండో చిక్కు. టెరిటోరియల్ ఆర్మీలో అధికారిగా 42 ఏళ్ల వరకు చేరవచ్చు. పదిహేనేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఒక సోమవారం పొద్దున్న బూట్లు వేసుకుని పరుగు మొదలుపెడితే, అతని ఊపిరితిత్తులు మూడు వారాల్లో దారికి వస్తాయేమో గాని ఎముకలు రావు. అలవాటు లేని బరువు హఠాత్తుగా, రోజూ పడితే కాలి ఎముకల్లో సన్నని పగుళ్లు వస్తాయని, కొత్త రిక్రూట్లలో ఇది తరచుగా కనిపిస్తుందని సైనిక వైద్యులకు ఎప్పటి నుంచో తెలుసు. మా వాడితో పాటు చేరిన ఒకాయన పన్నెండో రోజు నుంచి చెట్టు కింద కుర్చీలో కూర్చుని మిగతా వాళ్ల పరుగు చూస్తూ గడిపాడట. ఆయన ఓపికలోనూ పట్టుదలలోనూ ఎవరికీ తీసిపోడని, చేరే ముందు ఆరు నెలలు ఏ వారం ఎంత నడవాలో, ఎంత బరువు మోయాలో ఎవరైనా ఒక కాగితం మీద రాసిచ్చి ఉంటే ఆ కుర్చీ అవసరం ఉండేది కాదని మా వాడే అన్నాడు.

మరి దేన్ని ఉంచాలి, దేన్ని తీసేయాలి? నా చేతిలో ఉంటే తొలి నెలలో నాలుగంటే నాలుగు పనులు ఉంచుతాను. ఆయుధాన్ని ప్రమాదం లేకుండా పట్టుకోవడం, దెబ్బ తగిలిన మనిషి రక్తాన్ని ఆపడం, రేడియోలో చెప్పాల్సినది చెప్పడం, రాత్రిపూట పక్కవాడితో కలిసి శబ్దం కాకుండా నడవడం. గురి సంగతి కూడా తర్వాతే చూస్తాను. గురి తప్పితే తూటా ఒక్కటే వృథా అవుతుంది, వరస తప్పితే పక్కవాడి ప్రాణం పోతుంది. ఈ నాలుగు పనులనూ అలసిపోయినప్పుడు, చీకట్లో, వానలో, తిట్లు తింటూ చేయించాలి, వచ్చేశాయనుకున్న తర్వాత కూడా చేయించాలి. నేర్చుకున్నదాన్ని ఇక నేర్చుకోనక్కర్లేదనిపించే దశ దాటాక కూడా సాధన చేయిస్తేనే అది నెలల తరబడి నిలుస్తుంది. అందుకు సమయం కావాలంటే మిగతా పాఠాల్లో చాలావాటిని నిర్దాక్షిణ్యంగా పక్కన పెట్టాల్సిందే. రెజిమెంటు చరిత్రను ఇంటి దగ్గర చదువుకోవచ్చు.

ఇక్కడే మా వాడు నాతో గట్టిగా విభేదించాడు. "మామయ్యా, మీరు దాన్ని చేతిపని నేర్పే కోర్సులా చూస్తున్నారు. ఆ నెలలో నాకు వచ్చింది రైఫిల్ కాదు. పక్క మంచం వాడు నా బూట్లు పాలిష్ చేసి పెట్టాడు, నేను వాడి బెడ్డింగ్ మడత పెట్టాను. ఇద్దరిలో ఎవరు ఆలస్యమైనా ఇద్దరికీ శిక్షగా రగడా. ఆ కవాతూ, ఆ అరుపులూ, ఆ అర్థం లేని పరుగులూ లేకపోతే అది వచ్చేది కాదు," అన్నాడు. ఆలోచిస్తే ఇందులో నిజముందని ఒప్పుకోక తప్పలేదు. చేతులు నేర్చుకున్న వరస తొమ్మిది నెలల్లో చెదిరింది. ఆ పక్క మంచం మనిషితో స్నేహం చెదరలేదు. ఇప్పటికీ వాళ్లిద్దరూ వారానికోసారి మాట్లాడుకుంటారు. కలిసి కష్టపడిన మనుషులు ఒకరినొకరు వదలరన్నది శిక్షణ ఇచ్చే ఫలితాల్లో మరపుకు లొంగని ఒకే ఒక్కటి కావచ్చు. కాబట్టి ఎడతెరిపి లేని ఆ ఒక్క నెలను ముక్కలు చేయాలన్న నా మొదటి ఆలోచనను వెనక్కి తీసుకున్నాను. నెల నెలగానే ఉండాలి. అయితే దానికి అవసరమైన కష్టం కవాతులోనే దొరుకుతుందన్న మాటను మాత్రం ఇంకా ఒప్పుకోను. చీకట్లో ఇద్దరు కలిసి గాయపడిన మూడోవాణ్ని మోసుకు రావడం కూడా కష్టమే, దాని వల్ల పని కూడా వస్తుంది.

మూడు దేశాల లెక్కలు

అమెరికా ఈ సమస్యను ఖర్చుతో పరిష్కరించింది. అక్కడ నేషనల్ గార్డ్‌లో చేరినవాడు నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలు మాత్రమే పనిచేస్తాడు గాని, తొలి శిక్షణలో వాడికీ పూర్తికాలపు సైనికుడికీ తేడా లేదు. అదే పది వారాల బేసిక్, ఆ తర్వాత తన విభాగానికి సంబంధించిన శిక్షణ, ఇన్‌ఫాంట్రీ అయితే ఏకబిగిన 22 వారాలు. మైదానంలో ఎవడు పార్ట్‌టైమో ఎవడు కాడో ఉస్తాద్‌కు పట్టదు. ఇది అందరికంటే మంచి పద్ధతి అనిపిస్తుంది, ఒక విధంగా అవును కూడా. అయితే ఉద్యోగం, పిల్లలు, ఇంటి అప్పు ఉన్న ముప్పయ్యేళ్ల మనిషి అయిదు నెలలు ఎలా వెళ్లగలడు? అందుకే ఈ దారి చదువు ఇంకా పూర్తికాని కుర్రవాళ్లకు సరిపోతుంది. హైస్కూలు విద్యార్థులు ఒక వేసవిలో బేసిక్, మరుసటి వేసవిలో మిగతా శిక్షణ పూర్తి చేసే వెసులుబాటు అక్కడ ఉండడం ఊరికే కాదు. అనుభవం ఉన్న పౌరుణ్ని సైన్యంలోకి తేవడం మన ఉద్దేశమైతే, ఈ పద్ధతి సరిగ్గా వాణ్నే గుమ్మం బయట నిలబెడుతుంది.

బ్రిటన్‌ది సర్దుబాటు ధోరణి. ఇప్పుడు ఆర్మీ రిజర్వ్ అంటున్న దళంలో కొత్తవారికి తొలి పాఠాలు కొన్ని వారాంతాల్లో, ఆ తర్వాత దాదాపు రెండు వారాల పాటు ఏకబిగిన నేర్పే పద్ధతి నడిచింది. ఈ దళం మూలాలు 1908లో యుద్ధమంత్రి హాల్డేన్ ఏర్పాటు చేసిన టెరిటోరియల్ ఫోర్స్‌లో ఉన్నాయి. ఆయన వేసిన లెక్క నాకు ఎంతో నిజాయితీగా కనిపిస్తుంది: శాంతికాలంలో వీళ్లకు సాయంకాలాల్లోనూ ఏడాదికో క్యాంపులోనూ ఇచ్చే శిక్షణ సరిపోదు, యుద్ధం వచ్చాక మరో ఆరు నెలలు శిక్షణ ఇచ్చాకే రంగంలోకి దించాలి. అంటే తొలి శిక్షణ సైనికుణ్ని తయారుచేయదని, తయారుచేయడానికి వీలైన మనిషిని మాత్రమే సిద్ధం చేస్తుందని ఆయన ముందే ఒప్పుకున్నాడు. 1914లో ఆ ఆరు నెలల గడువు ఎవరూ ఇవ్వలేదు. ఆగస్టులో యుద్ధం మొదలైతే, అక్టోబరు 31న బెల్జియంలోని మెసీన్ దగ్గర లండన్ స్కాటిష్ బెటాలియన్‌ను పోరులోకి పంపారు. టెరిటోరియల్ పదాతిదళంలో మొదట యుద్ధం చేసినది అదే. పోరుకు కాస్త ముందు చేతికిచ్చిన రైఫిళ్ల మ్యాగజైన్లు కొత్త తూటాలకు సరిపడక మొరాయిస్తే, చాలామంది ఒక్కొక్క తూటానే చేత్తో పెట్టుకుని కాల్చారు. ఆ రాత్రి గడిచేసరికి వందలాది మంది చనిపోయో, గాయపడో, గల్లంతై పోయో ఉన్నారు. వాళ్లు వెన్ను చూపారని ఎవరూ అనలేదు. శిక్షణ లోపాన్ని ధైర్యంతో పూడ్చవచ్చునని వాదించేవారు ఈ ఉదాహరణను తమకు అనుకూలంగా చెప్పుకుంటారు. నేను దీన్ని సరిగ్గా తలకిందులుగా చదువుతాను: ధైర్యం ఉన్నవాళ్లు కాబట్టే, ముందే ఒప్పుకున్న ఆ ఆరు నెలలను ఎగ్గొట్టడం అంత పెద్ద తప్పు అయింది.

స్విట్జర్లాండ్ గురించి అందరూ చెప్పుకునేది ఇళ్లలో ఉండే రైఫిళ్ల గురించి. నన్ను ఆకట్టుకున్నది అది కాదు. అక్కడ నిర్బంధంగా సాగే రిక్రూట్ స్కూల్ 18 వారాలు. తర్వాత చాలామందికి మూడేసి వారాల పునశ్చరణలు ఆరు ఉంటాయి. వాటితో పాటు, ఆయుధం ఉన్న సాధారణ సైనికుడు సర్వీసులో ఉన్నంత కాలం ఏడాదికోసారి షూటింగ్ రేంజికి వెళ్లి 20 తూటాల నిర్ణీత పరీక్ష కాల్చి రావాలి. ఒక్క పూట పని. సైన్యం దాన్ని యుద్ధ సన్నద్ధత అనుకోదు, ఆ ఒక్క పూటకు మనిషి తన రైఫిల్‌ను తీసి, చూసి, శుభ్రం చేసి, ఖాళీ చేసి తీరాలి, అంతే. మరపు దారి మధ్యలో వేసిన చిన్న అడ్డుకట్ట అది. తూటాలను ఇళ్లలో ఉంచడం 2007 నుంచి మానేశారు గాని, ఆ పూటను మానలేదు.

ఆదివారాల లెక్క

అందుచేత ఎవరైనా నన్ను అడిగితే, తొలి నెలను రెండు నెలలు చేయడం కంటే, అదే ముప్పయి రోజుల ఖర్చుతో ఏడాది పొడవునా నెలకో ఆదివారం పెట్టమంటాను. ఒక్క పూట చాలు: రైఫిల్ ఖాళీ చేయడం, టూర్నికే బిగించడం, రేడియో మాట్లాడడం. కొత్తది ఏదీ నేర్పకూడదు. ఇది నేను కనిపెట్టినదేమీ కాదు, టెరిటోరియల్ ఆర్మీలోనే పట్టణ యూనిట్లకు వారాంతాల్లోనూ సెలవు రోజుల్లోనూ శిక్షణ ఇచ్చే పద్ధతి ఉంది.

దీనికి మా వాడి దగ్గర రెండు జవాబులున్నాయి. "బెటాలియన్ నాకు రెండు రాత్రుల రైలు ప్రయాణం దూరంలో ఉంది. ఆదివారం పూట ఎక్కడికి వెళ్లమంటారు?" అన్నది మొదటిది. దగ్గరలో ఉన్న ఏదో ఒక సైనిక కేంద్రానికో, ఎన్‌సీసీ కార్యాలయానికో వెళ్లి ఆ పూట గడిపే ఏర్పాటు చేయవచ్చు కదా అన్నాను. ఎవరి రైఫిల్, ఎవరి బాధ్యత, ఎవరి సంతకం అన్నాడు. ఇవి చిన్న ప్రశ్నలు కావు. ఆయుధం ఒక కోత్‌లోంచి బయటికి వచ్చి తిరిగి లోపలికి వెళ్లేవరకు ఎవరో ఒకరు పూచీ పడాలి, తన యూనిట్ కాని మనిషికి ఆ పూచీ పడడానికి ఏ అధికారీ ఉత్సాహపడడు. నా ప్రతిపాదన ఎక్కడైనా కూలిపోతే ఇక్కడే కూలిపోతుంది.

రెండో జవాబు ఉద్యోగం గురించి. పిలుపు మీద వెళ్లిన మనిషిని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని చట్టం ఉంది గాని, ఏటా రెండు నెలలు లేని మనిషికి ప్రమోషన్ ఇవ్వమని చెప్పే చట్టం ఎక్కడా లేదు. వాడి పైఅధికారి తొలి ఏడాది మర్యాదగా సెలవు ఇచ్చాడు. రెండో ఏడాది "మళ్లీ ట్రెక్కింగుకా?" అని అడిగాడు. ఆ మాటలో ద్వేషం లేదు. టెరిటోరియల్ ఆర్మీ అనగానే చాలామందికి గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో ఉన్న ధోనీ ఫొటోనే గుర్తుకు వస్తుంది కాబట్టి, అదేదో సరదా వ్యవహారమని అనుకుంటారు. 2015లో ధోనీ ఆగ్రాలో శిక్షణ తీసుకుని, విమానంలోంచి అయిదుసార్లు దూకాకే పారాట్రూపర్ల బ్యాడ్జీ అయిన పారా వింగ్స్ ధరించాడన్నది ఆ ఫొటోలో కనిపించదు. ఇంతటి పరిస్థితుల్లో అదనంగా పన్నెండు ఆదివారాలు అడిగితే భార్యాపిల్లలు కూడా ఎదురుతిరుగుతారని మా వాడి వాదన. కావచ్చు. అయితే ఆదివారం ఇవ్వలేని మనిషికి తొమ్మిది నెలల తర్వాత తుపాకీ ఇవ్వడం ఎలా న్యాయమో కూడా చెప్పాలి కదా అని నేను.

ఇంకో అభ్యంతరం ఉంది, ఇది మా వాడిది కాదు, ఒక రిటైర్డ్ సుబేదార్ గారిది. తొలి నెలలో నాలుగే పనులు నేర్పాలన్న నా మాట విని ఆయన, "ఎదుటివాడికి ఇతను పార్ట్‌టైం అని తెలుస్తుందా? తెలియదు. మరి పావలా శిక్షణ ఇచ్చి పంపితే ఎలా?" అన్నారు. ఆయన ప్రశ్న నాకు సబబుగానే తోచింది. కాని నాలుగు వారాల్లో అన్నీ నేర్పామని చెప్పుకుంటే పావలా శిక్షణ రూపాయి శిక్షణ అయిపోదు. దాన్ని పావలాగా గుర్తించి, ఆ పావలాకు పూర్తి విలువ వచ్చేలా చూడడం, మిగతా ముప్పావలా ఎప్పుడు ఎవరు ఇస్తారో కాగితం మీద రాసి ఉంచడం మేలు. హాల్డేన్ చేసింది అదే.

నిజానికి నేను అయిదో పాఠం ఒకటి చేర్చాలనుకుంటున్నాను, దానికి రోజులు అక్కర్లేదు. ఆ నెల చివరి సాయంత్రం ప్రతి రిక్రూటుకూ తనకు ఏ పనులు వచ్చో, ఏవి రావో, వచ్చినవి ఎన్ని నెలలకు ఆరిపోతాయో రాసి ఉన్న ఒక కార్డు ఇవ్వాలి. మళ్లీ క్యాంపుకు వచ్చిన రోజున దాన్ని ఉస్తాద్ చేతిలో పెట్టాలి. "నాకు ఇది ఇప్పుడు రాదు" అని సిగ్గుపడకుండా చెప్పడం సైన్యంలో ఎంత కష్టమో నేను విన్నాను, అధికారి హోదాలో ఉన్నవాడికి అది ఇంకా కష్టం. కార్డు ఉంటే ఆ మాటను మనిషి బదులు కాగితం చెబుతుంది. ఇది విని మా వాడు మొదటిసారి ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

అక్కయ్యకు నేను ఇంతవరకు సరైన జవాబు చెప్పలేదు. పోయిన క్యాంపుకు వెళ్లే ముందు ఆదివారం వాడు మా ఇంటికి వచ్చాడు. భోజనాలయ్యాక బల్ల ఖాళీ చేయించి, తన నోటుపుస్తకం నా చేతికిచ్చి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చేతుల్లో ఏమీ లేదు. గాలిలోనే రైఫిల్ అందుకున్నట్టు అందుకుని ఒక్కో మెట్టూ చేస్తూ పోతుంటే, నేను పుస్తకంలో చూసి సరిపోల్చాలి. మ్యాగజైన్ ముందే తీశాడు. హ్యాండిల్ లాగి, ఛాంబర్ చూసినట్టు తల వంచాడు. తర్వాతి మెట్టు దగ్గర వాడి చేతులు ఆగిపోయాయి. అక్కయ్య వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది, చెప్పమన్నట్టు. నేను చెప్పలేదు. కాసేపటికి వాడి ఎడమచేయి మెల్లగా కదిలింది.